రేజ్ ఇస్తే బండి లాగడం లేదా? ఇంజన్ విప్పించే ముందు చేయాల్సిన పరీక్షలు

స్లో స్పీడులో, అంటే రేజ్ ఇవ్వకుండా వదిలినప్పుడు, బైకు చక్కగా ఆడుతుంది. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. రోడ్డెక్కి రేజ్ పెంచితే మాత్రం లాగదు. శబ్దం మారుతుంది గానీ వేగం పెరగదు, ఇంకా తిప్పితే ఉన్న వేగమూ పడిపోతుంది. కడపలో ఏడు రోడ్ల కూడలి చుట్టూ తిరిగినంతకాలం ఈ జబ్బు చాలామందికి తెలియదు. రాయచోటి వెళ్దామని బయల్దేరి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. నాలుగో గేరు నుంచి మూడు, మూడు నుంచి రెండు వేసుకుంటూ పోయినా, వెనక లారీ హారన్ కొడుతూనే ఉంటుంది.

షెడ్డుకు తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాటలు రెండు. మొదటిది "కార్బ్యురేటర్ వాష్ చేద్దాం", రెండోది "బోర్ పని చేయాలి", అంటే అరిగిన సిలిండర్‌ను కొట్టించి పిస్టన్ మార్చాలని. రెండూ నిజం కావచ్చు. కానీ ఇదే ఫిర్యాదు ఉన్న చాలా బండ్లకు ఆ రెండూ అక్కర్లేదు. ట్యాంక్ మూతలో గాలిరంధ్రం మూసుకుపోయినా, ఎయిర్ ఫిల్టర్ నిండిపోయినా, క్లచ్ జారుతున్నా బయటికి కనిపించే లక్షణం ఒకటే. కాబట్టి ఏదీ విప్పకముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పవర్ ఎప్పుడు, ఏ పరిస్థితిలో, ఎలా పోతోంది? ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

అసలు స్లో స్పీడులో బాగున్న ఇంజన్ రేజ్‌లో ఎందుకు మొరాయిస్తుంది? ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది. 1,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర నిమిషానికి 700 సార్లు, 7,000 దగ్గర 3,500 సార్లు. అన్నిసార్లూ సరిపడా గాలి, పెట్రోలు, గట్టి స్పార్క్ అందాలి. సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ నొక్కితే వచ్చే ఒత్తిడి) నిలబడాలి, కాలిన పొగ అడ్డం లేకుండా బయటికి పోవాలి. వీటిలో ఏ ఒక్కటి కొంత తగ్గినా స్లో స్పీడుకు అదే సరిపోతుంది, రేజ్‌లో చాలదు. అందుకే ఇంటి ముందు స్టాండ్ వేసి రేజ్ ఇచ్చి "బాగానే ఉందే" అనుకోవద్దు. బరువు మీద, అంటే రోడ్డు మీద నడుపుతూ పరీక్షించాలి.

ముందు రోడ్డు మీద గమనించండి

ట్రాఫిక్ లేని చదును రోడ్డు ఒకటి, చిన్న ఎత్తు ఒకటి ఎంచుకోండి. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడపండి. తర్వాత మూడో గేరులో 30 దగ్గర్నుంచి మెల్లగా, ఆ తర్వాత ఒక్కసారిగా రేజ్ ఇచ్చి చూడండి. శబ్దాన్ని, కుదుపుని, సమయాన్ని గమనించాలి. ఘాట్ మలుపుల్లో ఈ ప్రయోగాలు వద్దు.

ఇంజన్ శబ్దం పెరిగిపోతోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు అంటే అది ఇంజన్ జబ్బు కాదు, క్లచ్. ఒకటి రెండు కిలోమీటర్లు బాగా పోయి, తర్వాత మెల్లగా నీరసించి, పక్కన ఆపి రెండు నిమిషాలాగితే మళ్లీ బాగా పోతోందంటే పెట్రోలు సరిగా దిగడం లేదు. ఉన్నట్టుండి టక్కున కట్ అవుతూ, మళ్లీ అందుకుంటూ కుదుపులు పెడుతుంటే కరెంటు వైపు చూడాలి, అంటే ప్లగ్, క్యాప్, కాయిల్, వైరింగ్. కుదుపు లేకుండా, ఎప్పుడూ బరువుగా, ఎంత తిప్పినా అంతే అన్నట్టుంటే ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ట్యాపెట్ (వాల్వ్ దగ్గర వదిలే సందు), కంప్రెషన్‌లలో ఏదో ఒకటి. ఒక్కసారిగా తిప్పినప్పుడు మాత్రమే తడబడి, మెల్లగా తిప్పితే బాగుంటే కార్బ్యురేటర్ సెట్టింగో, ఎక్కడో గాలి లీకో అయి ఉంటుంది.

ఇవి నూటికి నూరుపాళ్లు తప్పని నియమాలు కావు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి. ఇంకో మాట: ప్రతి గేరులోనూ టాప్ ఆర్‌పీఎం దగ్గర ఒకే చోట కట్ అవుతుంటే అది ఇంజన్ మరీ వేగంగా తిరగకుండా ఆపే రెవ్ లిమిటర్ కావచ్చు, జబ్బు కాదు.

ఇంజన్ తప్పు కాకపోతే?

బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండు మూడు చుట్లన్నా తేలిగ్గా తిరగాలి. బరువుగా ఆగిపోతుంటే బ్రేక్ పట్టేసి ఉంది, లేదా చైన్ మరీ బిగువుగా ఉంది. పది కిలోమీటర్లు నడిపి వచ్చి డ్రమ్ముకో డిస్కుకో దగ్గరగా చెయ్యి పెడితే (తాకొద్దు) పట్టేసిన బ్రేక్ వేడి తెలిసిపోతుంది. చైన్ మధ్యలో పైకీ కిందికీ 20 నుంచి 30 మిల్లీమీటర్ల లూజు ఉండటం చాలా బండ్లకు సరైన కొలత. టైర్లలో గాలి కూడా ఇప్పుడే చూసేయండి.

క్లచ్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఇంజన్ జబ్బుగా పొరబడి బోర్ దాకా పోయినవాళ్లున్నారు. నాలుగో గేరులో 40 వేగంతో పోతూ ఒక్కసారిగా పూర్తి రేజ్ ఇవ్వండి. ఇంజన్ శబ్దం ముందుగా ఎగసి, వేగం ఆలస్యంగా పెరిగితే ప్లేట్లు జారుతున్నాయి. అయితే వెంటనే ప్లేట్లు మార్చేయక్కర్లేదు. మొదట లివర్ చివర లూజు చూడండి, 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. లూజే లేకపోతే కేబుల్ ఎప్పుడూ క్లచ్‌ను కొద్దిగా నొక్కి ఉంచుతుంది. అడ్జస్టర్ ఒక చుట్టు తిప్పితే పోయే జబ్బు అది.

రెండోది ఆయిల్. మన బండ్ల క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్లకు వాడే కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి, అవి ప్లేట్లను జారనిస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 (MA2) అని ఉండాలి. ఇంట్లో మిగిలిందనో, చవగ్గా దొరికిందనో కారు ఆయిలో ట్రాక్టర్ ఆయిలో పోసి ఉంటే ముందు అది తీసేసి సరైన ఆయిల్ పోసి, వంద కిలోమీటర్లు నడిపి అప్పుడు తేల్చుకోండి.

పెట్రోలు దారి

ఇది అన్నిటికంటే ఎక్కువ మోసం చేసే చోటు, పరీక్ష మాత్రం చాలా తేలిక. పవర్ తగ్గిన వెంటనే బండి పక్కకు ఆపి, ఇంజన్ ఆపేసి, ట్యాంక్ మూత తెరవండి. లోపలికి గాలి పీల్చుకుంటూ "సుయ్" మని శబ్దం వచ్చిందా? మూత తీసి పెట్టాక బండి మళ్లీ బాగా పోతోందా? అయితే గాలిరంధ్రం మూసుకుంది. పెట్రోలు దిగుతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి, రాకపోతే ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి పెట్రోలు దిగదు. ఎండకు పేరుకున్న దుమ్ము, పెయింట్ వేయించినప్పుడు పడిన రంగు, ట్యాంక్ కవర్, చాలాకాలం ఆపి ఉంచిన బండి గాలి గొట్టంలో కందిరీగ పెట్టిన మట్టిగూడు, కారణం ఏదైనా కావచ్చు. వాన నీళ్లు దిగుతున్నాయని మూత కింద ప్లాస్టిక్ కాగితం పెట్టి బిగించేవాళ్లూ ఉన్నారు. వానకాలం గడిచాక ఆ సంగతి మరిచిపోతారు.

మూత బాగుంటే పెట్రోలు పారుదల చూడాలి. ఈ పని ఆరుబయట, ఇంజన్ చల్లారాక, దగ్గర్లో బీడీ సిగరెట్ లేకుండా చేయండి. కార్బ్యురేటర్ దగ్గర పైపు ఊడదీసి, గాజు సీసాలో పెట్టి, ట్యాంక్ కింద పెట్రోలును తెరిచి మూసే కాక్ తెరవండి. ఒక నిమిషం పట్టండి. ఎంత రావాలి? లెక్క వేద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో లీటరుకు 40 ఇచ్చే బండి గంటలో 2 లీటర్లు, అంటే నిమిషానికి సుమారు 33 మిల్లీలీటర్లు తాగుతుంది. ఘాట్‌లో పూర్తి రేజ్ మీద అంతకు రెట్టింపు అనుకున్నా, పైపు నుంచి నిమిషానికి 100 మిల్లీలీటర్లకు పైగా ధారగా రావాలి. బాగున్న బండికి ఇంకా ఎక్కువే వస్తుంది. మొదట ధారగా వచ్చి, తర్వాత సన్నబడి, చుక్కలు చుక్కలుగా మారితే కాక్ మీదున్న జాలీలోనో, మధ్యలో పెట్టిన చిన్న ఫిల్టర్‌లోనో చెత్త ఉంది. మెయిన్‌లో సన్నగా, రిజర్వ్‌లో ధారగా వచ్చినా, దానికి తిరగేసి వచ్చినా తేడా కాక్‌లోనే. కొన్ని బండ్లకు ఇంజన్ తిరిగితేనే తెరుచుకునే వ్యాక్యూమ్ కాక్ ఉంటుంది, వాటికి ఈ పరీక్ష ఇలా పనిచేయదు.

ఆ సీసాను పది నిమిషాలు కదపకుండా పెట్టి, వెలుతురులో పట్టుకుని అడుగు చూడండి. నీళ్లుంటే పెట్రోలు కింద వేరుగా, గుండ్రటి బొట్లుగా నిలబడతాయి. సీసా వంచితే పెట్రోలులో కలవకుండా ఒక మూలకు జారతాయి. తుప్పు ఉంటే ఎర్రటి నలుసులు కనిపిస్తాయి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, నీళ్లు హద్దు దాటితే రెండూ కలిసి విడిపోయి ట్యాంక్ అడుక్కు చేరతాయి. నవంబర్ వానల తర్వాత, నెలల తరబడి వాడని బండ్లలో ఇది ఎక్కువ. అలాంటప్పుడు కొత్త పెట్రోలు పైన పోయడం దండగ, ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే.

కార్బ్యురేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. అడుగున పెట్రోలు నిలిచే కప్పును ఊడదీయకుండానే దాన్ని తిప్పి లోపలున్న పెట్రోలు కూడా సీసాలోకి దించి చూడండి. ట్యాంక్ పెట్రోలు శుభ్రంగా ఉండి, కప్పులో నీళ్లుంటే ఆ ఒక్కసారి దించడంతోనే బండి బాగుపడొచ్చు.

గాలి దారి

యర్రగుంట్ల వైపు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంట్ లారీలు తిరిగే రోడ్డు మీద రోజూ పోయేవాళ్లకు మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు. సన్నని రాతిపొడి ఫిల్టర్‌ను ముందే నింపేస్తుంది. ఫిల్టర్ తీసి ఎండకేసి చూడండి. పేపర్ ఫిల్టర్ మడతల మధ్య వెలుతురు కనిపించకపోతే మార్చేయడమే. నూనె పట్టించి వచ్చే పేపర్ ఫిల్టర్లను గాలి కొట్టి, కడిగి మళ్లీ పెట్టొద్దు. పొడి పేపర్ ఫిల్టర్‌కైతే లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టొచ్చు. ఫోమ్ ఫిల్టర్‌ను కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ పట్టించి, మళ్లీ గట్టిగా పిండి పెట్టాలి.

తేల్చుకోవడానికి ఫిల్టర్ తీసేసి దుమ్ము లేని రోడ్డు మీద అర కిలోమీటరు నడిపి చూడొచ్చు, అంతకు మించి వద్దు. ఫిల్టర్ లేకుండా బండి లేచి పోతే కారణం దొరికింది. కానీ "అలాగే బాగుంది" అని ఫిల్టర్ లేకుండా తిప్పేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ రాతిపొడి సిలిండర్‌ను గీతలు పెట్టి, లేని బోర్ పనిని తెచ్చిపెడుతుంది.

కార్బ్యురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టం ఎండకు పగుళ్లు తేలుతుంది. పైకి బాగానే కనిపించినా, వంచితే పగులు నోరు తెరుస్తుంది. స్లో స్పీడులో ఇంజన్ ఆడుతుండగా ఆ అతుకుల చుట్టూ సబ్బు నీళ్లు కొద్దిగా చిమ్మండి. ఆట మారితే అక్కడ గాలి లీకవుతోంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు చల్లి చూసే అలవాటు చాలా ప్రమాదం.

ప్లగ్ ఏం చెబుతుంది

పూర్తి రేజ్ మీద కాసేపు నడిపి, పవర్ పడిపోయిన చోటే క్లచ్ పట్టి, కిల్ స్విచ్ నొక్కి ఆపండి. మెల్లగా ఇంటిదాకా తెచ్చాక ప్లగ్ చూస్తే అది స్లో స్పీడు రంగే చూపిస్తుంది. చల్లారాక ప్లగ్ పానాతో విప్పండి. లేత గోధుమ రంగైతే పర్వాలేదు. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా సున్నం పూసినట్టుంటే పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. ఇలాంటి బండిని గట్టిగా తోలితే పిస్టన్‌కు దెబ్బ. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, రింగులో వాల్వ్ సీళ్లో చూడాలి.

గ్యాప్ చాలా బండ్లకు 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లు. ప్లగ్ బయట పెట్టి కిక్ కొడితే నీలం స్పార్క్ వచ్చింది కదా అని కరెంటు బాగుందని తేల్చేయకండి. బయటి గాలిలో దూకే స్పార్క్ సిలిండర్‌లోని ఒత్తిడిలో దూకలేకపోవచ్చు. ఈ జబ్బుకు నేను మొదట చేసేది అదే నంబర్ కొత్త ప్లగ్ వేసి చూడటం. ఖర్చు తక్కువ, అనుమానం తీరిపోతుంది. తర్వాత ప్లగ్ క్యాప్. వైరు చివర అర సెంటీమీటరు కత్తిరించి, క్యాప్‌ను మళ్లీ గట్టిగా తిప్పి బిగిస్తే పోయిన మిస్సింగులు ఎన్నో. చీకట్లో ఇంజన్ ఆడించి కాయిల్ వైరు వెంట చూస్తే, లీకయ్యే చోట సన్నటి నీలి మెరుపు కనిపిస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఇరవై నిమిషాల తర్వాత కట్ అవుతుంటే పల్సర్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సంకేతం ఇచ్చేది), సీడీఐ (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె), ఇగ్నిషన్ కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలి. వీటిని జబ్బు ఉన్నప్పుడే, అంటే వేడిగానే కొలవాలి. చల్లారాక మీటర్ పెడితే అన్నీ సరిగ్గానే చూపిస్తాయి. సైడ్ స్టాండ్ స్విచ్ ఉన్న బండ్లలో కుదుపులకు అది కూడా కట్ చేస్తుంటుంది, మరచిపోవద్దు.

ఇప్పుడు కార్బ్యురేటర్

ఇంతదాకా వచ్చాకే దీన్ని ముట్టుకోవాలి. విప్పే ముందు ఒక చిన్న పరీక్ష. పవర్ పడిపోయే వేగంలో చోక్ సగం లాగండి. బండి అందుకుంటే పెట్రోలు తక్కువ అందుతోంది, ఇంకా చతికిలబడితే ఎక్కువ అందుతోంది.

రేజ్ పిడి మీద ఒక తెల్ల టేపు ముక్క అంటించి, మొత్తం తిరుగుడును నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకోండి. మొదటి పావు భాగంలో తడబడితే పైలట్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క), గాలి స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా అయితే నీడిల్. ముప్పావు దాటాక నీరసిస్తే మెయిన్ జెట్, లేదా కప్పులో పెట్రోలు మట్టం తక్కువ. జెట్‌ను వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం పూర్తి గుండ్రంగా కనిపించాలి. దాన్ని ఇనుప తీగతో పొడవొద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే మళ్లీ ఏ సెట్టింగూ కుదరదు. క్లీనర్ కొట్టి గాలి ఊదితే చాలు.

2020కి ముందు వచ్చిన 150 సీసీ తరహా బండ్లు చాలావాటికి డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) ఉన్న కార్బ్యురేటర్ ఉంటుంది. అందులో గాలి దారిని తెరిచే స్లైడ్‌ను పైకి లేపేది కేబుల్ కాదు, వ్యాక్యూమ్. డయాఫ్రమ్‌కు సూదిమొనంత చిల్లు పడినా స్లైడ్ పూర్తిగా లేవదు, బండి సగం వేగం దాటదు. పైమూత జాగ్రత్తగా తీసి (స్ప్రింగ్ ఎగిరిపోతుంది), డయాఫ్రమ్‌ను రెండు వేళ్లతో మెల్లగా సాగదీస్తూ ఎండకు ఎదురుగా చుట్టూ తిప్పి చూడండి. అంచు మడత దగ్గరే ఎక్కువగా చిరుగుతుంది. సూది వెలుగు ఒక్కటి కనిపించినా మార్చాలి, గమ్ము అంటించినా నిలవదు. ఇదే రబ్బరును పెట్రోలులో నానబెట్టి కడిగితే ఉబ్బి గాడిలో కూర్చోదు.

2020 తర్వాతి బండ్లకు

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చింది, దాంతో దాదాపు అన్ని కొత్త బండ్లకూ కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షనే. వీటికి కాక్ పైపు ఊడదీసే పరీక్ష, కార్బ్యురేటర్ పరీక్షలు (చోక్, జెట్, డయాఫ్రమ్) లేవు, మిగతావి వర్తిస్తాయి. ముందు మీటర్‌లో ఇంజన్ లైటు చూడండి. వెలుగుతుంటే స్కానర్ పెట్టించి కోడ్ రాయించుకోండి, ఆ కోడ్ తెలియకుండా సెన్సర్లు మార్పించొద్దు. లైటు లేకుండానే పవర్ పోతుంటే మొదటి అనుమానం ట్యాంకులోని పంపు, దాని అడుగు జాలీ. చాలా బండ్లలో పంపు ప్రెషర్ సుమారు 3 బార్. గేజ్ పెట్టి, రేజ్ ఇస్తూ కొలిపించాలి. స్లో స్పీడులో 3 చూపించి రేజ్‌లో పడిపోతే కారణం దొరికినట్టే. ఎప్పుడూ రిజర్వ్‌లోనే తిప్పడం ఈ పంపుకు మంచిది కాదు, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది.

చివరగా ట్యాపెట్, సైలెన్సర్, బోర్

ట్యాపెట్‌ను పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద, పిస్టన్ కంప్రెషన్‌లో పైన ఉన్నప్పుడు, మీ మోడల్ కొలతతో ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. శబ్దం వస్తే లూజు అని అందరికీ తెలుసు. బిగువైతే శబ్దమే రాదు, వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోక పవర్ పోతుంది. "ఇంజన్ ఎంత నిశ్శబ్దంగా ఉందో" అని మురిసిపోయే బండ్లలో ఇది ఉండొచ్చు.

సైలెన్సర్‌ను చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే పరీక్షించండి. చివర నుంచి జానెడు దూరంలో చెయ్యి పెడితే పొగ దెబ్బలు గట్టిగా తగలాలి. ఆయిల్ తాగే బండికి లోపల మసి పట్టి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కంప్రెషన్. గేజ్ పెట్టించి, పూర్తి రేజ్ తెరిచి పట్టుకుని కొలిపించండి, కంపెనీ అంకెతో పోల్చండి. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే రింగులు, సిలిండర్ అరిగాయి. పెరగకపోతే వాల్వ్‌లు లీకవుతున్నాయి, అప్పుడు కావాల్సింది హెడ్ పని. బోర్ కొట్టించినా ఆ జబ్బు అలాగే ఉంటుంది. అంకెలు రెండూ మీ కళ్లతో చూశాకే బోర్‌కు ఒప్పుకోండి. ఇనుప సిలిండర్లకు 0.25, 0.50 మిల్లీమీటర్లు అంటూ ఓవర్‌సైజ్ పిస్టన్లు వస్తాయి. ఎంత కొట్టారో బిల్లు మీద రాయించుకోండి, పాత పిస్టన్ అడిగి తీసుకోండి. కేటీఎం లాంటి పూత వేసిన సిలిండర్లకు బోర్ కొట్టకూడదు, సిలిండర్, పిస్టన్ కలిసిన కిట్ మార్చాలి. పని అయ్యాక మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా, వేగం మారుస్తూ నడిపి ఆయిల్ మార్పించండి. ఘాట్ రోడ్డు ఆ తర్వాతే.